మూడొందల ఎనభై కిలోమీటర్లు, గాలి ఒప్పుకుంటే

దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం వస్తుందని బడిలో నేర్చుకున్నాం. కెనడా ఉత్తర కొసన, నూనావుట్‌లో, ఆ లెక్క చెల్లని ఊళ్లు రెండున్నాయి: రెజల్యూట్, గ్రీస్ ఫియర్డ్. 2021 జనాభా లెక్కల్లో మొదటి ఊళ్లో 183 మంది, రెండో ఊళ్లో 144 మంది. మధ్యలో రోడ్డన్నది లేదు. ఆకాశమార్గాన దూరం దాదాపు 380 కిలోమీటర్లు. జెట్ వేగంతో భాగిస్తే అరగంట ప్రయాణం. కానీ గ్రీస్ ఫియర్డ్‌కు జెట్ వెళ్లదు.

ముందు దూరం సంగతి. గోడకు తగిలించే మెర్కేటర్ ప్రపంచ పటంలో ఈ రెండు ఊళ్లూ ఉన్నదానికి దాదాపు నాలుగింతల ఎడంగా కనిపిస్తాయి. రేఖాంశాలు ధ్రువం దగ్గరికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. హైదరాబాద్ దగ్గర ఒక్కో డిగ్రీకి 106 కిలోమీటర్ల ఎడం ఉంటే, గ్రీస్ ఫియర్డ్ దగ్గర 26 మాత్రమే. పటం గీసినవాళ్లు వాటిని సమాంతరంగా నిలబెట్టేసరికి ఉత్తరమంతా సాగిపోయింది.

ఇక విమానం. గ్రీస్ ఫియర్డ్ రన్‌వే కంకరది, పొడవు రెండు వేల అడుగులైనా లేదు, చుట్టూ కొండలు. అంత కురచ నేల మీద దిగగలిగేది ట్విన్ ఆటర్ లాంటి చిన్న విమానమే: రెండు ప్రొపెల్లర్లు, మహా అయితే 19 సీట్లు, గంటకు సుమారు 270 కిలోమీటర్ల వేగం. గాలి లేకపోతే గంటా పాతిక నిమిషాలు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే గంటా యాభై. అదే గాలి వెనక నుంచి తోస్తే గంటా పది.

అసలు తంటా దిగడంలో ఉంది. ఈదురుగాలో మంచుపొగో అడ్డొస్తే పక్కన ఇంకో ఊరు లేదు, వచ్చిన దారినే రెజల్యూట్‌కు మళ్లాలి. అందుకని రానూ పోనూ సరిపడా ఇంధనం మోయాలి. ఇంధనం బరువు పెరిగినకొద్దీ మనుషులకూ సరుకులకూ చోటు తగ్గుతుంది. ఉత్తర అయస్కాంత ధ్రువం ఈ దీవుల మధ్య నుంచే కదిలిపోయింది కనుక దిక్సూచిని నమ్మే వీల్లేదు. రెజల్యూట్‌లో రన్‌వే దిశ సంఖ్యలు కూడా అసలు ఉత్తరాన్ని బట్టే ఉంటాయి. చలికాలంలో నెలల తరబడి సూర్యుడే ఉదయించడు.

ఇంత దూరాన రెండు ఊళ్లెందుకు వెలిశాయంటే, ప్రభుత్వం వెలయించింది కాబట్టి. 1953లోనూ 1955లోనూ ఉత్తర క్యుబెక్ తీరంలోని ఇనుక్జువాక్ నుంచి మూలవాసులైన ఇన్యుయిట్ కుటుంబాలను ఓడల్లో ఈ రెండు చోట్లకు దాదాపు రెండు వేల కిలోమీటర్లు తరలించారు. నచ్చకపోతే రెండేళ్లకు తిరిగి రావచ్చన్నారు. ఆ మాట నిలబెట్టలేదు. అందరినీ ఒక్కచోట దించరనీ, బంధువులు విడిపోవాల్సిందేననీ వాళ్లకు తెలిసింది ఓడెక్కాకే. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. ఈ 380 కిలోమీటర్లు ప్రకృతి పెట్టిన దూరం కాదని నేను అనేది అందుకే.

ఇప్పటికీ గ్రీస్ ఫియర్డ్‌లో ఉన్నది చిన్న ఆరోగ్య కేంద్రమే. జబ్బు ముదిరితే రెజల్యూట్ మీదుగా 1,500 కిలోమీటర్ల దూరాన ఉన్న ఇకాలుయిట్ ఆసుపత్రికి పోవాలి. ఆ ప్రయాణం ఎన్ని గంటలన్నది టికెట్టు కాదు, ఆ పూట రన్‌వే మీద వీచే గాలి చెబుతుంది.