26 ఏళ్లకే అరిగిపోయిన మోకాళ్లు

అరవై దాటిన పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లో వినిపించే మాట ఒకటుంది: ‘‘మోకాళ్లలో గుజ్జు అయిపోయింది.’’ మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటారు. పెళ్లికెళితే ముందు కుర్చీ ఎక్కడుందో చూసుకుంటారు. వయసు మీద పడింది కదా అని మనమూ సరిపెట్టుకుంటాం. అదే మాట 26 ఏళ్ల కుర్రాడు వినాల్సి వస్తే? అతని బతుకంతా ఆ మోకాళ్ల మీదే నిలబడి ఉంటే?

బ్రాండన్ రాయ్‌కి జరిగింది అదే. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక దశలో అతను అగ్రశ్రేణి గార్డుల్లో ఒకడు. బంతిని ముందుకు నడిపిస్తూ, ఎప్పుడు ఎవరికి అందించాలో, ఎప్పుడు తానే బుట్టలో వేయాలో క్షణంలో తేల్చుకోవాల్సినవాడు గార్డు. అలాంటి ఆటగాడు 27 ఏళ్లకే రిటైర్మెంట్ ప్రకటించాడు.

రాయ్ 1984లో సియాటెల్‌లో పుట్టాడు. గార్‌ఫీల్డ్ హైస్కూలు జట్టులో మెరిశాడు కానీ చదువు దగ్గర తడబడ్డాడు. కాలేజీ సీటుకు కావలసిన పరీక్ష మార్కులు వచ్చేదాకా సియాటెల్ ఓడరేవులో సరుకుల కంటైనర్లు కడిగే పనికి వెళ్లాడు. తర్వాత యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరి, 2006 దాకా అక్కడే ఆడాడు. ఆ ఏడాది ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, మినెసోటా జట్టు అతన్ని ఆరో ఆటగాడిగా ఎంచుకుని, ఆ రాత్రే పోర్ట్‌లాండ్ ట్రయల్ బ్లేజర్స్‌కి ఇచ్చేసి బదులుగా మరో ఆటగాణ్ని తీసుకుంది. పోర్ట్‌లాండ్ అప్పుడు అట్టడుగున ఉంది. అంతకుముందు సీజన్‌లో 82 ఆటలాడి 21 మాత్రమే గెలిచింది. రాయ్ తొలి ఏడాదే ‘రూకీ ఆఫ్ ది ఇయర్’, అంటే కొత్తవాళ్లలో ఉత్తమ ఆటగాడు అయ్యాడు. అతని మూడో సీజన్‌లో జట్టు 54 ఆటలు గెలిచింది. 2008, 2009, 2010 వరసగా మూడేళ్లు ఆల్‌స్టార్ జట్టులో అతనికి చోటు దక్కింది.

అతని ఆటలో ఆకాశానికి ఎగిరే విన్యాసాలు తక్కువ. అతని బలమంతా వేగాన్ని తగ్గించి పెంచడంలోనే ఉండేది. బంతితో నింపాదిగా వస్తాడు. కాపు కాసేవాడు కాస్త సడలగానే ఒక్క అడుగులో దాటేస్తాడు. తీరా అడ్డుకోవడానికి వాడు పరుగెత్తేసరికి తను ఉన్నచోటే ఆగి బంతి వేసేస్తాడు. మంచి కబడ్డీ రైడర్‌ని దగ్గర నుంచి చూసినవాళ్లకి ఈ విద్య తెలుసు. 2008 నవంబరులో హ్యూస్టన్‌తో ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. ఇంకా 0.8 సెకన్లుందనగా పోర్ట్‌లాండ్ ఒక పాయింటు వెనకబడి ఉంది. సహచరుడు విసిరిన బంతిని అందుకుని, గాలిలో తిరిగి, 30 అడుగుల దూరం నుంచి రాయ్ వేశాడు. బంతి వలలో పడింది. 101-99తో గెలిచారు. అదే ఏడాది డిసెంబరులో ఫీనిక్స్ మీద ఒక్క ఆటలోనే 52 పాయింట్లు సాధించాడు.

ఆగడం, తిరగడం, మళ్లీ దూసుకెళ్లడం. ఈ మూడింటి భారాన్నీ మోసేది మోకాలే.

మనం గుజ్జు అనేది నిజానికి మెత్తటి ముద్ద కాదు. మోకాలిలో దాని కింద రెండు వేర్వేరు భాగాలు వస్తాయి. ఒకటి ఎముకల చివర్లకు గాజులా నునుపుగా అంటుకుని ఉండే మృదులాస్థి పూత. రెండోది, పై ఎముకకూ కింది ఎముకకూ మధ్య ఉండే మెనిస్కస్. ఇవి ప్రతి మోకాలిలో రెండు, నెలవంక ఆకారంలో ఉంటాయి. వీటి పనేమిటో తెలియాలంటే వంటింటి మూలన నీళ్లకుండను గుర్తు తెచ్చుకోండి. అడుగు గుండ్రంగా ఉండే కుండ చదును నేల మీద నిలవదు. దొర్లుతుంది. అందుకే కింద గడ్డితో చుట్టిన కుదురు పెడతారు. తొడ ఎముక చివర కుండ అడుగులాగే గుండ్రంగా ఉంటుంది. కింద కాలి ఎముక పైభాగం దాదాపు చదును. మధ్యలో కుదురులా ఒదిగి కూర్చునేది మెనిస్కస్. అది తొడ ఎముకను జారిపోకుండా పట్టుకుంటుంది, బరువును ఒకేచోట పడనివ్వకుండా పరుస్తుంది. మామూలుగా నడిచినా మోకాలి మీద ఒంటి బరువుకు రెట్టింపు పైనే పడుతుంది. ఎగిరి దూకితే అది ఇంకెన్నో రెట్లవుతుంది.

ఈ కుదురుకు ఒక బలహీనత ఉంది. రక్తం దాని బయటి అంచుకే అందుతుంది, లోపలి భాగానికి అందదు. చర్మం తెగితే మానేది అక్కడికి రక్తం చేరుతుంది కాబట్టి. మెనిస్కస్ లోపలి భాగం చిరిగితే దానంతటది మానదు. అప్పుడు డాక్టర్ల ముందు ఉండేవి ముఖ్యంగా రెండు దారులు. కుట్టడానికి వీలున్న చోట చిరుగుని కుట్టడం, లేదా చిరిగిన ముక్కను కత్తిరించి తీసేయడం. కుడితే నెలల తరబడి ఆటకు దూరంగా ఉండాలి. కత్తిరిస్తే చిన్న రంధ్రాల ద్వారా పని అయిపోతుంది, నొప్పి తగ్గుతుంది, కొన్ని వారాల్లోనే మైదానానికి రావచ్చు. కానీ తీసేసిన ముక్క తీసేసినట్టే, మళ్లీ పెరగదు. కుదురు చిన్నదైన కొద్దీ బరువంతా కొద్దిచోటే పడి నునుపు పూత అరగడం మొదలవుతుంది. మెనిస్కస్ తీసేసిన మోకాళ్ల ఎముకల్లో వచ్చే మార్పులను ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ వైద్యుడు ఎక్స్‌రేల ఆధారంగా 1948లోనే వివరించాడు.

రాయ్ మోకాళ్ల కష్టాలు కాలేజీలోనే మొదలయ్యాయి. ఎన్‌బీఏలోకి వచ్చాక 2008 ఆగస్టులో ఎడమ మోకాలికి ఆపరేషన్ జరిగింది. 2010 ఏప్రిల్‌లో, సరిగ్గా ప్లేఆఫ్స్ (సీజన్ చివర ఛాంపియన్‌ను తేల్చే పోటీలు) ముందు, కుడి మోకాలి మెనిస్కస్ చిరిగింది. ఆపరేషన్ చేయించుకుని ఎనిమిదో రోజునే ఫీనిక్స్ మీద ఆడాడు. ఆ రోజు గెలిచారు, సిరీస్ మాత్రం చేజారింది. ఆ తర్వాతి సీజన్ మొదట్లోనే అతని రెండు మోకాళ్లలోనూ మెనిస్కస్ దాదాపు మిగల్లేదని బయటపడింది. 2011 జనవరిలో రెండు మోకాళ్లకూ మళ్లీ ఆపరేషన్ చేశారు.

తిరిగొచ్చిన రాయ్ పాత రాయ్ కాదు. మొదటి అయిదుగురిలో చోటు పోయింది. ఆ ఏప్రిల్‌లో డల్లాస్‌తో జరిగిన ప్లేఆఫ్ సిరీస్ రెండో ఆటలో అతన్ని ఎనిమిది నిమిషాలే ఆడించారు, ఒక్క పాయింటూ రాలేదు.

ఏప్రిల్ 23న పోర్ట్‌లాండ్‌లో నాలుగో ఆట. మూడో క్వార్టర్‌లో ఒక దశలో సొంత జట్టు 23 పాయింట్లు వెనకబడింది. చివరి క్వార్టర్ మొదలయ్యేసరికి ఇంకా 18 తేడా. అక్కడి నుంచి బంతి రాయ్ చేతిలోకి వచ్చింది. పరుగులో పాత వేగం లేదు, ఎగరడంలో పాత ఎత్తు లేదు. కానీ ఎప్పుడు ఆగాలో, ఏ భుజం వైపు వంగితే ఎదుటివాడు అటు తూగుతాడో అతని బుర్రకు తెలుసు. ఒకటొకటిగా పాయింట్లు పడుతుంటే స్టేడియం లేచి నిలబడింది. నిమిషం పైచిలుకు సమయం ఉందనగా దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ వేస్తుండగా ఫౌల్ జరిగింది. బంతి పడింది, ఫ్రీ త్రో కూడా పడింది, నాలుగు పాయింట్లతో 82-82 అయింది. కాసేపటికే బోర్డుకు తగిలించి ఇంకో బుట్ట వేశాడు. 84-82. ఆ ఒక్క క్వార్టర్‌లోనే అతనివి 18 పాయింట్లు. ఆ సిరీస్ చివరికి డల్లాస్ గెలిచింది, ఆ ఏడాది ఛాంపియన్ కూడా అదే జట్టు. అయినా పోర్ట్‌లాండ్ అభిమానులు ఆ రాత్రిని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ ఏడాది డిసెంబరులో, అయిదేళ్ల కాంట్రాక్టు ఇంకా చాలా మిగిలి ఉండగానే, రాయ్ ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు. 2012లో మినెసోటా తరఫున మళ్లీ ప్రయత్నించాడు. ఆరేళ్ల కిందట తనను ఎంచుకుని వదిలేసిన జట్టే అది. అయిదు ఆటలకే మోకాలు మొరాయించింది. మొత్తం 326 ఎన్‌బీఏ ఆటలు, ఆటకు సగటున 18.8 పాయింట్లు. అతని లెక్క అక్కడ ఆగిపోయింది.

అతని ఆట మాత్రం ఆగలేదు. 2016లో సియాటెల్‌లోని నేథన్ హేల్ హైస్కూలుకు కోచ్‌గా వెళ్లాడు. ముందు సీజన్‌లో మూడే ఆటలు గెలిచిన బడి అది. మైకేల్ పోర్టర్ జూనియర్ వంటి మెరికల్లాంటి కుర్రాళ్లు అక్కడికి వచ్చి చేరారు. ఆ సీజన్‌లో 29 ఆటలకు 29 గెలిచి రాష్ట్ర ఛాంపియన్ అయ్యారు. మరుసటి ఏడాది తాను చదువుకున్న గార్‌ఫీల్డ్‌కు వెళ్లి ఆ జట్టునూ రాష్ట్ర ఛాంపియన్‌ని చేశాడు. మోకాళ్లు అరిగినా ఆ నైపుణ్యం చెక్కుచెదరలేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజున ఆడటం వల్లే రాయ్ కెరీర్ పోయిందని నేను అనను. అరుగుదల అంతకు చాలా ముందే మొదలైంది. కానీ ఆ ఎనిమిది రోజుల్ని వీరగాథలా చెప్పుకునే అలవాటు మానుకోవాలని మాత్రం గట్టిగా అంటాను. నొప్పిని పళ్లబిగువున భరించి ఆడినవాడికి చప్పట్లు కొడతాం. ఆగినవాణ్ని పిరికివాడంటాం. ఈ తీరు ఎన్‌బీఏకే పరిమితం కాదు. మన బడి మైదానాల్లో కబడ్డీ, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడే పిల్లలకూ ఇదే నేర్పుతున్నాం. మోకాలు వాచిందంటే స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి మళ్లీ దింపుతున్నాం.

అమ్మానాన్నలకూ, పీఈటీ మాస్టార్లకూ, కోచ్‌లకూ ఒక్కటే మనవి. ఆట అయ్యాక పిల్లల మోకాలు వాస్తున్నా, వంచితే బిగుసుకుపోతున్నా, నడుస్తుంటే తూలినట్టవుతున్నా ‘అదే సర్దుకుంటుందిలే’ అనకండి. ఎముకల డాక్టరుకు చూపించండి. విశ్రాంతి చెబితే చెప్పినన్నాళ్లూ ఇవ్వండి. ఆ టోర్నమెంటు పోతే వచ్చే ఏడాది ఇంకోటి ఉంటుంది. మోకాలిలో కుదురు మాత్రం ఒకసారి పోతే మళ్లీ రాదు.