లోపలి తలుపు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో స్టడీహాలు నడుపుతున్నాను. గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దు చేస్తున్నట్టు 2023 మార్చి 17న ప్రకటన రాగానే మా పిల్లల ముఖాలు చూడలేకపోయాను. 503 పోస్టుల కోసం 2022 అక్టోబరు 16న రాసిన పరీక్ష అది.

రద్దుకు కారణం పేపర్ లీకు. అది ఎక్కడో కూర్చున్న హ్యాకర్ పని కాదు. పరీక్ష పెట్టిన తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (టీఎస్‌పీఎస్సీ) కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్ నుంచే పేపర్లు బయటికి పోయాయని పోలీసులు చెప్పారు. నిందితుల్లో అక్కడి నెట్‌వర్క్ చూసే ఉద్యోగి కూడా ఉన్నాడు. సంస్థలు బయటివాళ్లకు భయపడతాయి. లోపల ఎవరు ఏ ఫైలు తెరిచారో చూసే నాథుడుండడు. అసలు సిద్ధపడాల్సింది అక్కడే. కీలకమైన ఫైలు ఒక్కరి పాస్‌వర్డ్‌తో తెరుచుకోకూడదు. ఉద్యోగం మానినవాడి లాగిన్ ఆ సాయంత్రమే తీసేయాలి. ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పే లాగ్‌లు 180 రోజులు దాచాలని, దాడిని గుర్తించిన 6 గంటల్లో తమకు తెలపాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది.

మనం చిన్నవాళ్లం, మనకెందుకనుకోవద్దు. నారాయణగూడ కోచింగ్ సెంటర్లలో, చిక్కడపల్లి హాస్టళ్లలో ఎంతమంది పిల్లల ఆధార్ కాపీలున్నాయో ఆలోచించండి! మా హాల్లో ఆధార్ చూసి వెనక్కిచ్చేస్తాం, ఫొటో తీయం. ఫీజుల లెక్కలు విడి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని ఊడదీసి బీరువాలో పెడతాం.

యజమానులకు నా విన్నపం ఒక్కటే: సైబర్ మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలని మీ రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి ఈరోజే చెప్పండి.