నిదానపు విద్య

పాఠశాల వార్షికోత్సవాలలో పిల్లలకు అన్నింటికన్న ఎక్కువ వినోదం కలిగించేది నిదానపు సైకిలు పందెం. మిగిలిన పందేలలో ముందు వచ్చినవాడు గెలుస్తాడు. ఇందులో అందరికన్న వెనుక వచ్చినవాడు గెలుస్తాడు. కాలు నేల మోపితే ఓటమి, గీత దాటి పక్కవాని దారిలోకి పోయినా ఓటమే. రోజూ పొరుగూళ్ళ నుండి బడికి రివ్వున వచ్చే కుర్రవాళ్ళు ఈ పందెంలో పది గజాలు పోకముందే అటూ ఇటూ తూలి కాలు దింపుతారు. చూచేవారు ఘొల్లున నవ్వుతారు. ఇరవై యేళ్ళుగా ఈల ఊది ఈ పందెం నడిపించిన ఉపాధ్యాయుణ్ణి నేను. నేనూ నవ్వినవాణ్ణే. ఆ నవ్వు వెనుక దాగిన పాఠం నాకు తెలిసివచ్చింది మాత్రం నలభై ఆరవ యేట, మా ఊరి కాలువ వంతెన దగ్గర.

మోటారు సైకిలు నడపటానికి అనుమతిపత్రం కోరినవారికి పరీక్ష పెట్టే అధికారులు నేల మీద ఎనిమిది అంకె ఆకారంలో బాట ఏర్పరచి, కాలు దింపకుండా దాని వెంట బండిని తిప్పమంటారు. తిన్నని రోడ్డు మీద ఎంత వేగంగా పోగలవో చూపమని ఎవరూ అడగరు. అందులోని ఆంతర్యం నాకు ఆనాడు తోచలేదు. ఒక మిత్రుని తేలికపాటి బండి మీద ఆ ఎనిమిదిని ఎలాగో గట్టెక్కించాను. పరీక్ష కోసం కంఠస్థం చేసిన పద్యాన్ని మర్నాడే మరచిపోయే విద్యార్థి వలె దానిని మరచిపోయాను. తరువాత నేను కొన్న బండి బరువైనది. దాదాపు 190 కిలోలు. మా బడికి కాలువ గట్టు వెంట 16 కిలోమీటర్ల తిన్నని రోడ్డు. ఆ రోడ్డు మీద పదేళ్ళు తిరిగిన మీదట నేర్పరినన్న పేరు వచ్చింది. ఆ పేరు నాకు ఇచ్చుకొన్నవాణ్ణి నేనే.

ఒకనాటి సాయంకాలం నా భార్యను వెనుక కూర్చోబెట్టుకొని ఒక పెళ్ళి నుండి తిరిగివస్తున్నాను. వంతెన దిగి ఎడమ చేతి వైపున్న మా వీధిలోకి తిరగాలి. ఎదురుగా గేదెల మంద వచ్చింది. వేగం తగ్గించాను. మనిషి నడకకన్న తక్కువ వేగం అది. హేండిలు పూర్తిగా ఎడమకు తిరిగి ఉంది. బండి ఒరుగుతున్నట్టు తోచి, భయంతో ముందుబ్రేకును గట్టిగా పట్టాను. అంతే, బండి ఎడమ వైపుకు కుప్పగా కూలింది. పక్కకు తిరిగి కూర్చున్న ఆమె కాళ్ళు రెండూ ఆ వైపునే ఉన్నాయి.

చీలమండ ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టుతో మంచం మీద ఉంది. ఆమె నన్ను నిందించలేదు. "అంత దూరమూ గాలిలో తెచ్చారు; గుమ్మం ముందు పడవేశారు" అని మాత్రం ఒకసారి అన్నది. కట్టు విప్పిన తరువాత ఆమె నా బండి ఎక్కలేదు. ఏ పని ఉన్నా బస్సు కోసం వంతెన దగ్గర నిలబడేది. నేను ఆమె పక్కనుండే బడికి పోయేవాణ్ణి.

వేగంలో పడని బండి నిదానంలో ఎందుకు పడాలి? పిల్లలు అరచేతిలో కర్రను నిలబెట్టే ఆట ఆడతారు. కర్ర ఎటు ఒరిగితే అటు చేతిని జరిపి, మళ్ళీ దాని కిందికి వస్తారు. రెండు చక్రాల బండి కథ కూడ ఇదే. అది ఎటు ఒరిగితే అటు హేండిలు తిప్పుతాము. చక్రాలు బరువు కిందికి చేరుకొంటాయి. వేగంలో వెంట్రుకవాసి తిప్పినా ఈ పని జరిగిపోతుంది. నిదానంలో ఎంతో తిప్పాలి.

అంకెలలో చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. మలుపులో ఒరిగిన బండిని పడకుండా ఆపే బలం వేగపు వర్గాన్ని అనుసరించి మారుతుంది. 10 మీటర్ల వ్యాసార్థం గల వంపులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సుమారు 35 డిగ్రీలు ఒరిగి కూడ నిలుస్తుంది. వేగాన్ని 10 కిలోమీటర్లకు దించితే బలం తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. నాలుగైదు డిగ్రీల ఒరుగుదలకు మాత్రమే అది చాలుతుంది. నడక వేగానికి, అంటే 5 కిలోమీటర్లకు దించితే ముప్పై ఆరో వంతు. ఒక్క డిగ్రీకే సరి. వంతెన దగ్గర నాకు మిగిలింది ఆ పాటి బలమే. దానిని కూడ బ్రేకుతో నేనే తుడిచివేశాను.

తిరిగే చక్రాలే బొంగరం వలె బండిని నిలబెడతాయని మనలో చాలమంది నమ్మిక. నేనూ తరగతిలో అలాగే చెప్పాను. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు సైకిలు ముందుచక్రం పక్కన నేలను తాకని మరొక చక్రాన్ని అమర్చి, దానిని ఎదురు దిశలో తిప్పి, బొంగరపు ప్రభావాన్ని రద్దు చేశాడు. అయినా ఆ సైకిలును నడపగలిగాడు. 2011లో మరికొందరు పరిశోధకులు ఆ ప్రభావం లేకుండానే, కొంత వేగం అందుకొన్న తరువాత తనంతట తాను నిలిచే నమూనాను చేసి చూపారు. వేగంలో బండి తన భారాన్ని తానే చాలవరకు మోసుకొంటుంది. వేగం సన్నగిల్లిన కొద్దీ ఆ భారం నడిపేవాని మీద పడుతుంది. పదేళ్ళుగా నా నేర్పు అనుకొన్నది చాలవరకు బండి నేర్పే!

ఈ కష్టమే ప్రాణంగా గల క్రీడ ఒకటి ఉన్నది. దానిని ట్రయల్స్ అంటారు. స్కాట్లండులో 1909లో మొదలైన ఆరు దినాల ట్రయల్ దీనిలో పేరు పొందినది. రాళ్ళ గుట్టల మీదుగా, వాగుల వెంట మోటారు సైకిలును తిప్పుకొంటూ పోవాలి. కాలు నేల మోపినప్పుడల్లా దండన మార్కులు పడతాయి. మన బడిలోని పందేనికి అది పెద్దన్న.

నాకు గురువుగా దొరికినవాడు మా పాత విద్యార్థి. పదవ తరగతి తప్పి, బండ్ల మరమ్మతు దుకాణం పెట్టుకొన్నాడు. పడిన బండిని బాగుచేస్తూ సంగతంతా విని, "సాయంత్రం బడి మైదానానికి రండి, మాస్టారూ" అన్నాడు. ఇటుకలతో ఎనిమిది గీశాడు.

"ముందుబ్రేకు మీది నుండి వేళ్ళు తీయండి. హేండిలు తిరిగి ఉండగా దానిని పట్టకూడదు" అన్నది మొదటి పాఠం. రెండవది సగం క్లచ్చి. క్లచ్చిని కొద్దికొద్దిగా వదిలితే ఇంజను లాగటం మొదలుపెట్టే చోటు ఒకటి తగులుతుంది. ఎడమ చేతిని అక్కడే నిలిపి, కుడి చేతితో యాక్సిలరేటరును నిలకడగా ఉంచి, కుడి కాలితో వెనుకబ్రేకును మెల్లగా అదమాలి. ఎద్దులను అదిలిస్తూనే పగ్గం బిగబట్టి ఇరుకు సందులో బండి తిప్పే రైతు చేసేది ఇదే. లాగేదీ ఆపేదీ సమంగా ఉన్నంతసేపు బండి కుదుపు లేకుండా పాకుతుంది. మూడవది, బండిని లోపలికి ఒరగనిచ్చి, దేహాన్ని నిటారుగా, అవసరమైతే కొంచెం వెలుపలికి ఉంచటం.

ఇవన్నీ చేసినా ఇటుకలు దొర్లుతూనే ఉన్నాయి. అతడు కొంతసేపు చూచి, "మాస్టారూ, మీరు ఇటుకను చూస్తున్నారు, బండి ఇటుక మీదికే పోతున్నది. తిరిగి ఎక్కడికి చేరాలో అక్కడ చూడండి" అన్నాడు. మెడ పూర్తిగా తిప్పి మలుపు చివరను చూచాను. చేతులు తమంతట తామే ఆ దారి పట్టాయి.

నాలుగవ నాడు విసుగు పుట్టింది. "ఇంకా ఎన్నాళ్ళు పడుతుంది, నాయనా?" అన్నాను. "ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. తొందరేముంది, మాస్టారూ?" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకొన్నది. తొమ్మిదవ తరగతిలో ఇతడు కూడబలుక్కొని చదివేవాడు. "త్వరగా, త్వరగా" అనేవాణ్ణి. పంక్తి ముగియకముందే పక్కవాణ్ణి లేపేవాణ్ణి. తొందరేముందని నా తరగతిలో అతనితో ఎవరూ అనలేదు. ఆ సాయంకాలం ఆ సంగతి అతనితో చెప్పాను. అతడు ఇటుకలు సర్దుతూ, "క్లచ్చి ఇంకా తొందరగా వదులుతున్నారు" అని మాత్రం అన్నాడు. నాటి నుండి తరగతిలో తడబడే పిల్లవాణ్ణి పంక్తి చివరిదాకా చదవనిస్తున్నాను.

విద్యార్థులతో ఒక్క మాట. గేరు బండికి చట్టం 18 యేళ్ళు నిండాలంటుంది. అందాక సైకిలు ఉన్నది. క్లచ్చి తప్ప నేను నేర్చుకొన్నదంతా, చూపు, ఒరుగుదల, తొణకని చేయి, నిదానపు పందెంలో ఉన్నది. బండి చేతికి వచ్చిన నాడు, తలకు హెల్మెట్ పెట్టుకొని, ఖాళీ మైదానంలో ముందు నిదానాన్ని సాధించండి. వేగం మన తప్పులను కప్పిపుచ్చుతుంది. నిదానం వాటిని చూపి దిద్దుకోనిస్తుంది.

మూడు వారాలకు ఇటుకలు దొర్లటం మానింది. నా శిష్యగురువు తాను వెనుక కూర్చొని మరి నాలుగు రోజులు తిప్పించాడు. ఒక సాయంకాలం మైదానం కంచె దగ్గర నా భార్య నిలబడి చూడటం గమనించాను. ఇంటికి వచ్చాక ఆ ప్రస్తావన ఆమె తేలేదు, నేనూ తేలేదు. ఆ ఆదివారం ఉదయం వంతెన మీద బస్సు కోసం నిలబడి ఉండగా, పక్కన బండి ఆపాను. "ఏమండీ, ఈ బస్సు ఇప్పట్లో వచ్చేట్టు లేదు" అంటూ ఎక్కి కూర్చున్నది.

తిరుగు ప్రయాణంలో వంతెన దిగాము. మలుపు వచ్చింది. నా భుజం మీది ఆమె చేయి బిగిసింది. నేను వీధి చివర ఉన్న మా గుమ్మం వైపు చూచాను. బండి పాకుతూ తిరిగింది. మలుపు దాటాక చేయి సడలింది. కాని భుజం మీదనే ఉన్నది.