క్రెడిట్స్ అడగని సీజీపీఏ యాప్‌ని నమ్మొద్దు

రిజల్ట్స్ వచ్చిన రోజు ప్లే స్టోర్‌లో సీజీపీఏ కాలిక్యులేటర్ అని వెతికితే యాప్స్ వరస కట్టేస్తాయి. ఏది ఉంచుకోవాలో తేల్చడానికి ఒక్క టెస్ట్ చాలు: సబ్జెక్ట్ పక్కన క్రెడిట్స్ అడుగుతోందా? గ్రేడ్స్ మాత్రమే తీసుకుని సగటు చూపించేస్తే వెంటనే అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి.

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 స్కేల్‌నే తీసుకుందాం. ఓ గ్రేడ్‌కి 10 పాయింట్లు, ఏ ప్లస్‌కి 9, ఏ అయితే 8, బీ ప్లస్‌కి 7, బీ వస్తే 6. ఒక సెమిస్టర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ తలా 4 క్రెడిట్లు, డ్రాయింగ్ 3, రెండు ల్యాబ్‌లు చెరో 1.5 అనుకోండి. మొత్తం 18. మ్యాథ్స్, ఫిజిక్స్‌లో బీ, ప్రోగ్రామింగ్‌లో బీ ప్లస్, డ్రాయింగ్‌లో ఏ, ల్యాబ్‌లు రెండిట్లో ఓ వచ్చాయి. మామూలు సగటు 7.83. అదే ఒక్కో గ్రేడ్ పాయింట్‌ని దాని క్రెడిట్స్‌తో గుణించి కలిపితే 130, 18తో భాగిస్తే 7.22. క్యాంపస్‌కి వచ్చిన కంపెనీ కటాఫ్ 7.5 పెట్టిందంటే, యాప్ లెక్కలో మీరు లోపల, మెమోలో బయట!

కారణం సింపుల్. వారానికి ఒక గంట క్లాస్‌కి ఒక క్రెడిట్, ల్యాబ్‌కైతే రెండు గంటలకి ఒకటి. మూడు గంటలు నిలబడి చేసిన ల్యాబ్‌కి వచ్చేది ఒకటిన్నరే. పై లెక్కలో మ్యాథ్స్ బీ నుంచి ఏ కి వెళితే ఎస్‌జీపీఏ 0.44 పెరుగుతుంది. ల్యాబ్‌లో ఏ నుంచి ఓ కి వెళ్లినా పెరిగేది 0.17 మాత్రమే. రికార్డుకి రంగు పెన్నులతో హెడ్డింగులు దిద్దే బ్యాచ్ ఈ లైన్ ఇంకోసారి చదవాలి.

పర్సంటేజ్ బటన్ దగ్గరా జాగ్రత్త. కొన్ని యాప్స్ 9.5తో గుణిస్తాయి. అది 2017 వరకు సీబీఎస్‌ఈ పదో తరగతికి వాడిన ఫార్ములా. ఆర్18లో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. అంటే 7.5కి 70 శాతం.

నన్నడిగితే యాప్ కూడా అక్కర్లేదు, ఫోన్‌లో గూగుల్ షీట్స్ చాలు. ఒక కాలమ్‌లో క్రెడిట్స్, పక్క కాలమ్‌లో పాయింట్స్ వేసి, రెండిటికీ సమ్‌ప్రొడక్ట్ పెట్టి, క్రెడిట్స్ మొత్తంతో భాగించండి. సీజీపీఏ కావాలంటే అన్ని సెమిస్టర్ల సబ్జెక్టులూ అదే షీట్‌లో కిందకి చేర్చుకుంటూ పోండి. ఎస్‌జీపీఏల సగటు మాత్రం తీయొద్దు, సెమ్ సెమ్‌కీ క్రెడిట్స్ మారతాయి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లాంటి నాన్ క్రెడిట్ సబ్జెక్టులకి సున్నా వేయండి. లెక్క మారదు గానీ, అవి పాసవ్వకపోతే డిగ్రీ చేతికి రాదు.