బాంకాక్ టాక్సీలు

బాంకాక్ టాక్సీలు థాయిలాండ్ రాజధాని బాంకాక్ నగరంలో మీటరుపై నడిచే అద్దె కార్లు. వీటిని అక్కడ "టాక్సీ మీటర్" అని వ్యవహరిస్తారు. మీటరు ఛార్జీ తక్కువే అయినా, భాష తెలియని విదేశీ యాత్రికులను కొందరు డ్రైవర్లు మీటరు వేయకుండా అధిక మొత్తం అడగడం తరచుగా ఎదురయ్యే సమస్య.

చరిత్ర
పూర్వం ప్రతి ప్రయాణానికీ బేరమాడవలసి వచ్చేది. 1992లో మీటరు విధానం ప్రవేశపెట్టబడింది. అప్పుడు నిర్ణయించిన 35 బాత్‌ల ప్రారంభ ఛార్జీ, 2023 జనవరిలో మిగిలిన ఛార్జీలు పెరిగినప్పుడు కూడా మామూలు కార్లకు మారలేదు. పెద్ద కార్లకు మాత్రం 40 బాత్‌లుగా నిర్ణయించబడింది.

గుర్తింపు
ఆకుపచ్చ, పసుపు రంగులు కలిసి ఉన్నవి సాధారణంగా వ్యక్తుల సొంత కార్లు. గులాబీ వంటి ఒకే రంగు కలవి కంపెనీలకు లేదా సహకార సంఘాలకు చెందినవి. ముందు అద్దం వద్ద ఎర్రదీపం వెలుగుతుంటే కారు ఖాళీగా ఉన్నదని అర్థం.

ఛార్జీలు
దూరాన్ని బట్టి ఛార్జీ పెరుగుతుంది. రద్దీలో కారు నిలిచిపోతే సమయాన్ని బట్టి కొంత చేరుతుంది. ఎక్స్‌ప్రెస్ రహదారుల సుంకం ప్రయాణికులే చెల్లించాలి. సువర్ణభూమి విమానాశ్రయంలోని టాక్సీ వరుసలో ఎక్కినవారు మామూలు కారుకు మీటరుపై మరో 50 బాత్‌లు ఇవ్వాలి. ఇది మోసం కాదు, నియమమే. అక్కడి యంత్రం ఇచ్చే చీటీని ప్రయాణం ముగిసేవరకు దాచుకోవాలి. ఫిర్యాదు చేయడానికి అది ఆధారం.

మీటరు నిరాకరణ
చాలామంది డ్రైవర్లు కారును అద్దెకు తీసుకొని నడుపుతారు. ఆ అద్దె, ఇంధన ఖర్చు పోగా మిగిలినదే వారి సంపాదన. రద్దీలో గడిచే సమయానికి మీటరుపై వచ్చేది స్వల్పం కనుక కొందరు ముందే ఒక మొత్తం అడుగుతారు, లేదా రావడానికి నిరాకరిస్తారు. ఈ రెండూ చట్టవిరుద్ధమే.

యాత్రికులకు సూచనలు
* ఎక్కే ముందే "మీటర్" అని అడగాలి. నిరాకరిస్తే వాదించక మరొక టాక్సీని ఆపడం మేలు.
* వెళ్ళవలసిన చోటు పేరును థాయి లిపిలో వ్రాయించుకోవాలి.
* చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోవాలి.
* తలుపుపై ఉండే కారు నంబరు వ్రాసుకోవాలి. ఫిర్యాదులకు భూరవాణా శాఖ ఫోను నంబరు 1584.

టుక్‌టుక్‌లు
మూడు చక్రాల టుక్‌టుక్‌లకు మీటరు ఉండదు. ఎక్కే ముందే బేరం కుదుర్చుకోవాలి. రాజప్రాసాదం ఈరోజు మూసి ఉన్నదని చెప్పి, కమిషను కోసం యాత్రికులను రత్నాల దుకాణాలకు తీసుకొనిపోవడం పేరుపడిన మోసం. ఇటువంటి మాట విన్నవారు ప్రవేశద్వారం వరకు వెళ్ళి స్వయంగా విచారించుకోవడం మంచిది.