కాలువ తలుపులకు కబురు తెచ్చు తీగలు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల రైతు శ్రావణమాసమున ఆకాశమువైపు ఎంత చూచునో పోతిరెడ్డిపాడువైపును అంతే చూచును. శ్రీశైల జలాశయమునుండి అచ్చట విడిచిన కృష్ణాజలము బానకచర్ల చేరి మూడు దారులుగా చీలును. ఒకటి శ్రీశైలము కుడికాలువ. రెండవది వెలుగోడు మీదుగా పోవు తెలుగుగంగ. మూడవది నిప్పులవాగున బడి, గాలేరు ద్వారా కుందూనదిని గలియును. పోతిరెడ్డిపాడు తలతూము సామర్థ్యము పూర్వము సుమారు 11 వేల క్యూసెక్కులు. 2005 తరువాత చేపట్టిన విస్తరణచే 44 వేలకు పెరిగినది. ఇంతటి ప్రవాహమును నడపునది ఇనుప తలుపులే యని తలచుట పొరపాటు. ఎగువను ఎంత విడిచిరి, దిగువను ఎంత పట్టును అను కబురు వేళకు అందవలెను. 2019 సెప్టెంబరులో కుందూ పొంగి నంద్యాల పరిసరములను ముంచినది వర్షపు వరద. అట్టి రాత్రి పై తలుపు వేయుమను కబురు రెండు గంటలు ఆలస్యమైన ఫలితమేమో పాఠకులే యూహింపగలరు.

పూర్వము ఈ కబురు లస్కరు మోసెడివాడు. గేజి చూచి, పుస్తకమున వ్రాసి, టెలిఫోనులో చెప్పెడివాడు. నేడు ఆ పనిని సెన్సార్లును, రేడియోలును చేయవచ్చినవి. పోతిరెడ్డిపాడు మొదలగు తావులయందు కృష్ణా బోర్డు పక్షమున టెలిమెట్రీ యంత్రములు వెలసినవి. వాని లెక్కలమీద రెండు తెలుగు రాష్ట్రములకును వివాదము సాగినది. న్యాయమెవరిదో మేమిచ్చట విచారింపము. మా మాట వేరు. తప్పు లెక్క ఒక కీడైనచో, పాతలెక్కను క్రొత్తదిగా చూపుట అంతకంటె కీడు. తీగ తెగిన పిమ్మట నిన్నటి అంకె తెరపై నిలిచియుండిన, ఇంజనీరు దానినే నమ్మి తలుపెత్తును. కావున ప్రతి అంకె ప్రక్కను అది వచ్చిన వేళ కనబడవలెను. వేళ దాటిన అంకె తనంత తాను చెరిగిపోవలెను.

ఇక చెడుబుద్ధిగలవారి మాట. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు రాష్ట్రమందలి మరూచీ అను తావున 2000 సంవత్సరమున జరిగిన యుదంతము మన నీటిపారుదల శాఖవారు తప్పక చదువదగినది. అచ్చటి మురుగునీటి పంపులు రేడియో ఆజ్ఞలచే నడచెడివి. ఆ యంత్రములను నెలకొల్పిన కంపెనీలో పనిచేసి మానిన యొకడు, స్థానిక సంఘమువారు ఉద్యోగమీయలేదను కినుకతో, ఒక కంప్యూటరును రేడియోను చేతబట్టుకొని పంపులకు దొంగ ఆజ్ఞలు పంపెను. ఎనిమిది లక్షల లీటర్ల మురుగు తోటలలోను, ఏరులలోను పారెను. పంపుల తప్పిదమేయని అధికారులు కొన్ని వారములు భ్రమపడిరి! 2001లో వానికి రెండేండ్ల శిక్ష పడినది. ఆజ్ఞ నిచ్చునది ఎవరని ఆ యంత్రము అడుగలేదు. అడుగుటకు దానికెవరును నేర్పలేదు.

కంట్రాక్టరు పని ముగించి పోవునప్పుడు బిల్లు చెల్లించుటలో మనవారు చూపు శ్రద్ధ, అతని పాస్‌వర్డు మార్చుటలో చూపుదురా? ఉత్తరములు, వినోదచిత్రములు వచ్చు ఆఫీసు కంప్యూటరును, తలుపుల నడపు తీగను ఒకే గాట గట్టరాదు. కబురునకు రెండు దారులుండవలెను; ఆ రెండును ఒకే స్తంభముపై పోవరాదు. ఒక గాలివానకు రెండును కూలుటకేనా ఆ ఖర్చు?

రైలువారి పద్ధతి యొకటి కలదు. సంకేతపు తీగ తెగినచో సిగ్నలు ఎఱ్ఱనై నిలుచును, బండి ఆగును. కాలువకు అంత సులభమైన ఎఱుపు లేదు. తలుపు మూసిన ఎగువ గట్టు తెగవచ్చును, తెఱచిన దిగువ ఊరు మునుగవచ్చును. అందుచే ప్రతి తలుపు ప్రక్కను చేతితో త్రిప్పు చక్రమును, దాని త్రిప్పనేర్చిన లస్కరును ఉండి తీరవలెను. యంత్రము వచ్చినదని లస్కరు ఉద్యోగములను ఖాళీగా విడుచుట పొదుపు గాదు.

నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైనది గనుక అధికారులిపుడు దగ్గరనే యున్నారు. ఏటేట నీరు విడుచుటకు ముందొక రాత్రి తీగను కావలెనని తెంపి, ఎన్ని నిమిషములకు ఏ తలుపు చేతితో దిగినదో చూచి, ఆ లెక్కను ఆళ్లగడ్డ చివరి ఆయకట్టువరకు ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.