ఇల్లు మారితే తనఖా వెంట వస్తుందా?

బ్యాంకు అప్పుతో కట్టుకున్న ఇంటిని అమ్మి వేరొక ఇల్లు కొనదలచిన వర్తకులకు ఒక చిక్కు ఎదురవుతుంది. పాత అప్పును యథాతథంగా కొత్త ఇంటి మీదికి మార్చుకోవడమా, లేక దాన్ని తీర్చివేసి కొత్త అప్పు తెచ్చుకోవడమా అన్నదే ఆ చిక్కు. పరపతి బాగున్నవారికి ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. బకాయిల మూలంగా సిబిల్ స్కోరు పడిపోయినవారికి మాత్రం ఇల్లు దక్కడమో, దక్కకపోవడమో దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

బ్రిటన్‌లో ఇల్లు మారేవారు తనఖాను వెంట తీసుకువెళ్లే వీలు అనేక రుణ ఒప్పందాల్లోనే ఉంటుంది. అక్కడ కూడా బ్యాంకు మళ్లీ అర్హత చూస్తుంది. మన దేశంలో ఇది రుణగ్రహీత హక్కు కాదు. హామీ ఆస్తిని మార్చవలసిందిగా కోరవచ్చు. అంగీకరించడం, అంగీకరించకపోవడం బ్యాంకు ఇష్టం.

గోదాము తాకట్టు పద్ధతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. తాకట్టులో ఉన్న మిర్చి బస్తాలను విడిపించాలంటే సొమ్మయినా కట్టాలి, అంత విలువకు వేరే సరుకైనా పెట్టాలి. ఇంటి విషయంలో సరుకుకు బదులు దస్తావేజులు. కొత్త ఇంటి రిజిస్టర్డ్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈ.సి., న్యాయవాది అభిప్రాయం, విలువ అంచనా తన చేతికి వచ్చేదాకా బ్యాంకు పాత కాగితాలు వదలదు.

లెక్క ఎలా ఉంటుంది?

ఉదాహరణకు పాత ఇంటిపై అప్పు రూ. 18 లక్షలు మిగిలి ఉన్నది. ఇల్లు రూ. 40 లక్షలకు అమ్ముడుపోతుంది. కొత్త ఇల్లు రూ. 36 లక్షలు, రిజిస్ట్రేషన్ వగైరా ఖర్చులు రూ. 3 లక్షలు. పాత అప్పు తీర్చివేస్తే చేతిలో మిగిలేది రూ. 22 లక్షలు. మరో రూ. 17 లక్షలు కొత్తగా అప్పు పుట్టాలి. అప్పుడు స్కోరు అడ్డు వస్తుంది. అప్పునే కొత్త ఇంటికి మార్చుకుంటే అమ్మకపు సొమ్ముతోనే కొనుగోలు పూర్తవుతుంది. కొత్త అప్పుతో పనిలేదు. రూ. 36 లక్షల ఆస్తిపై రూ. 18 లక్షల అప్పు అంటే బ్యాంకుకు మార్జిన్ సగానికి సగం.

స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. ఇంత ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు కనీస సంఖ్య ఏదీ విధించలేదు. ఎవరి నిబంధన వారిది. కొత్త బ్యాంకుకు కనిపించేది స్కోరే. పాత బ్యాంకు వద్ద మాత్రం వాయిదాలు సక్రమంగా కట్టిన ఖాతా ఉంటుంది. కాబట్టి స్కోరు తక్కువైనవారు ముందుగా అడగవలసింది పాత బ్యాంకునే. వాయిదా 90 రోజులకు మించి బకాయిపడి ఖాతా నిరర్థక ఆస్తిగా మారితే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

వర్తకులకు మరో మెలిక ఉన్నది. అదే ఇల్లు దుకాణం క్యాష్ క్రెడిట్ ఖాతాకు కూడా హామీగా ఉంటే, కొత్త ఇంటి విలువ రెండు అప్పులకూ సరిపోవాలి.

స్కోరు ఎందుకు పడిందో కూడా చూసుకోవాలి. మిత్రుడి అప్పుకు జామీను ఉండి, అతను కట్టకపోతే ఆ బకాయి జామీనుదారు నివేదికలోనూ కనబడుతుంది. తక్కువకు రాజీపడిన అప్పు ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది. పూర్తిగా తీరినట్టు కాదు. ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా పొందవచ్చు. తప్పు నమోదుపై ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో పరిష్కరించాలి. ఆపైన ఆలస్యానికి రోజుకు రూ. 100 పరిహారం చెల్లించాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

పాత బ్యాంకు కాదన్నప్పుడు అప్పు తీర్చివేయడమే మార్గం. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ గృహ రుణంపై ముందస్తు చెల్లింపు రుసుము వేయరాదని 2012లోనే ఉత్తర్వులు వచ్చాయి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ. 5,000 చెల్లించాలి.

నష్టం ఎక్కువగా జరిగేది బయానా వద్ద. పాత ఇల్లు కొనేవారు కాగితాలు చూపమంటారు. కొత్త ఇల్లు అమ్మేవారు గడువు పెడతారు. మేనేజరు నోటిమాట నమ్మి రెండు వైపులా ఒప్పందాలు రాసుకుంటే, పై ఆఫీసు కాదన్న రోజున ఇచ్చిన బయానా పోతుంది, తీసుకున్నది తిరిగి కట్టవలసి వస్తుంది. హామీ మార్పిడికి బ్యాంకు లిఖితపూర్వక అంగీకారం వచ్చిన తరువాతనే బయానా ఇవ్వడం క్షేమం. అంతకు ముందే రాసుకోక తప్పకపోతే, బ్యాంకు అనుమతి రాని పక్షంలో బయానా వాపసు ఇవ్వాలన్న షరతును ఒప్పందంలో చేర్చుకోవాలి. రెండు రిజిస్ట్రేషన్లు ఒకే రోజున, బ్యాంకుకు తెలియజేసి జరుపుకుంటే చిక్కులు తగ్గుతాయి.